అక్షరం మారిన నెత్తురు

మనిషి డీఎన్ఏలో ఒకే ఒక్క అక్షరం తారుమారైతే వచ్చే రక్తరోగం సికిల్ సెల్ వ్యాధి. మధ్య భారతమంతటా ఉన్న ఈ వ్యాధికి ఛత్తీస్‌గఢ్ మైదానంలో పట్టు ఎక్కువ. ఇక్కడ దీన్ని ‘సిక్లింగ్’ అంటారు. 3 నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలు 3,59,823 మందిని పరీక్షించి రాయ్‌పూర్ వైద్యులు 2011లో వెల్లడించిన లెక్క ప్రకారం 33,467 మందిలో, అంటే 9.3 శాతం మందిలో, ఇలా మారిన జన్యువు ఒక ప్రతి ఉంది. రెండు ప్రతులూ ఉండి వ్యాధిగ్రస్తులైన వారు 747 మంది. మరోలా చెప్పాలంటే పదకొండు మంది పిల్లల్లో ఒకరు ఈ జన్యువును మోస్తున్నారు.

సిర్గిట్టి, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ను ఆనుకొని ఉన్న పారిశ్రామికవాడ. ఆగ్నేయ మధ్య రైల్వేకు 2003 నుంచి బిలాస్‌పూరే కేంద్రం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఇక్కడ తెలుగు మాట వినిపిస్తూనే ఉంది. అప్పట్లో వాల్తేరు కూడా ఆ రైల్వే కిందిదే. కొలువు కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. అలాంటి ఊళ్లో సికిల్ సెల్ గురించి తెలుసుకోవడమంటే ఇరుగుపొరుగు గురించి, ఒక్కోసారి సొంతింటి గురించి తెలుసుకోవడమే. పాఠ్యపుస్తకంలో కణం ఒక అధ్యాయం, జన్యువు మరో అధ్యాయం, రక్తప్రసరణ, విసర్జన ఇంకెక్కడో ఉంటాయి. పరీక్ష కాగానే పిల్లలు వాటిని విడివిడిగానే మరిచిపోతారు. ఈ ఒక్క వ్యాధిని పట్టుకుని నడిస్తే ఆ అధ్యాయాలన్నీ ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తాయి.

కేంద్రకం లేని కణం

మనిషి శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలు ఉంటాయని అంచనా. వాటిలో 80 శాతానికి పైగా ఎర్ర రక్తకణాలే. ఒక్కొక్కటి 7 నుంచి 8 మైక్రోమీటర్ల వెడల్పున, రెండు వైపులా మధ్యలో నొక్కుకుపోయిన బిళ్లలా ఉంటుంది. అది దాటాల్సిన సూక్ష్మ రక్తనాళాల్లో చాలా వరకు దాని కంటే ఇరుకైనవి. కాబట్టి ఒళ్లు వంచి, నలిగి, అవతలికి వెళ్లి మళ్లీ మామూలు రూపానికి రావాలి. పుట్టిన నాటి నుంచి సుమారు 120 రోజుల పాటు దాని పని ఇదే.

ఎర్రకణాలు ఎముక మూలుగలో తయారవుతాయి. పెద్దవాళ్ల మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా కణాలను రక్తంలోకి వదులుతుంది. రక్తంలోకి వచ్చే ముందు ఆ కణం తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. అందువల్ల ఎదిగిన ఎర్రకణంలో డీఎన్ఏ ఉండదు, శక్తిని తయారు చేసే మైటోకాండ్రియా ఉండవు. కొత్త ప్రోటీను చేసుకోలేదు, దెబ్బ తగిలితే సరిచేసుకోలేదు. ఖాళీ అయిన ఆ చోటంతా సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులతో నిండి ఉంటుంది. జన్యువే లేని కణం జన్యుదోషంతో బాధపడటం విచిత్రంగా అనిపించవచ్చు. కేంద్రకాన్ని వదులుకునే నాటికే లోపలి హీమోగ్లోబిన్‌లో చాలా భాగం తయారై ఉంటుంది, తప్పు అప్పటికే అందులో చేరిపోయి ఉంటుంది.

ఒక్కో హీమోగ్లోబిన్ అణువులో నాలుగు గొలుసులు ఉంటాయి, రెండు ఆల్ఫా, రెండు బీటా. ప్రతి గొలుసులో ఇనుము ఉన్న హీమ్ ఒకటి. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఆ ఇనుముకు అంటుకుంటుంది, కండరాల దగ్గర విడిపోతుంది.

తారుమారైన అక్షరం

బీటా గొలుసు తయారీకి కావలసిన సూచనలు 11వ క్రోమోజోమ్ మీద ఉన్నాయి. జన్యువులో ఉన్నది ఆర్ఎన్ఏలోకి నకలవుతుంది. రైబోజోమ్ ఆ నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ ఒక్కో అమైనో ఆమ్లాన్ని తెచ్చి వరసలో కూరుస్తుంది. బీటా గొలుసులో ఇలాంటివి 146. ఆరో స్థానంలో ‘జీఏజీ’ ఉండాల్సిన చోట ‘జీటీజీ’ ఉంటే, గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలిన్ వచ్చి కూర్చుంటుంది. మిగిలిన 145 యథాతథం.

గ్లుటామిక్ ఆమ్లానికి విద్యుదావేశం ఉంది, నీటితో కలిసిపోతుంది. వాలిన్‌కు నీళ్లు గిట్టవు. అణువు పైభాగంలో ఉన్న వాలిన్, నీటికి దూరంగా దాక్కునే చోటు కోసం వెతుకుతుంది. ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్ ఆకారం కొద్దిగా మారినప్పుడు పక్క అణువులో సరిగ్గా అలాంటి గుంట ఒకటి తెరుచుకుంటుంది. వాలిన్ అందులోకి దూరుతుంది. ఆ అణువుకు మరొకటి, దానికి ఇంకొకటి. ఇలా 14 వరసలు కలిసి, కొబ్బరి పీచుతో తాడు పేనినట్టు, ఒక పొడవాటి పోగు తయారవుతుంది. ఆ పోగులు కణాన్ని లోపలి నుంచి పొడిచి, బిళ్లలా ఉన్నదాన్ని కొడవలిలా సాగదీస్తాయి. రక్తం తిరిగి ఊపిరితిత్తులకు చేరి ఆక్సిజన్ అందుకోగానే పోగులు విడిపోతాయి. కణం మళ్లీ గుండ్రమవుతుంది. కానీ ఇలా పదేపదే జరిగితే పైపొర దెబ్బతిని నీటిని కోల్పోతుంది, చివరికి కొడవలి రూపంలోనే బిగుసుకుపోతుంది. 120 రోజులు బతకాల్సిన కణం 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తుంది.

ఈ వ్యాధి గుట్టంతా ఒక ఆలస్యంలో ఉంది. ఆక్సిజన్ పోయిన మరుక్షణమే పోగులు పుట్టవు, కొంత వ్యవధి పడుతుంది. ఇరుకు నాళంలోంచి కణం బయటపడటానికి పట్టేది మహా అయితే ఒకటి రెండు సెకన్లు. పోగులు పుట్టేలోపు అది వెడల్పాటి సిరలోకి చేరిపోతే ఏ ఇబ్బందీ లేదు. ఈ వ్యవధి కణంలోని హీమోగ్లోబిన్ సాంద్రత మీద నమ్మశక్యం కానంత బలంగా ఆధారపడుతుంది. ప్రయోగాల్లో తేలిన ప్రకారం సాంద్రతకు సుమారు 30వ ఘాతంలో వ్యవధి తగ్గుతుంది. లెక్క వేస్తే, సాంద్రత 5 శాతం పెరిగితే వ్యవధి నాలుగో వంతు కంటే కిందికి పడిపోతుంది. కణంలో నీళ్లు కాస్త తగ్గడమే సాంద్రత పెరగడం. మే నెలలో 45 డిగ్రీలు తాకే బిలాస్‌పూర్ ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగని మనిషి విషయంలో ఈ గణితం నేరుగా ఎముకల నొప్పిగా తేలుతుంది. జ్వరం, వాంతులు, విరేచనాలు, విపరీతమైన చలి, అలసట కూడా నొప్పిని రేపుతాయి.

ఈ సంగతులన్నీ ఒక్కరోజులో తెలిసినవి కావు. షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ కొడవలి ఆకారపు కణాల గురించి 1910లో రాశాడు. లైనస్ పాలింగ్ బృందం 1949లో ఆ రోగుల హీమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో వేరే వేగంతో కదులుతుందని చూపి, ఒక అణువులోని తేడా మనిషిని రోగిని చేయగలదని మొదటిసారి నిరూపించింది. ఆ తేడా ఒకే అమైనో ఆమ్లమని 1950ల్లో వెర్నాన్ ఇన్‌గ్రామ్ తేల్చాడు. భారత్‌లో ఈ జన్యువు ఉందని మొదట తెలిసింది 1952లో, నీలగిరి గిరిజనుల రక్తంలో.

ఏ అవయవానికి ఏమవుతుంది

కొడవలి కణాలు రెండు రకాలుగా హాని చేస్తాయి. తొందరగా నశించి రక్తహీనత తెస్తాయి, బిగుసుకుపోయి రక్తనాళాలను అడ్డుకుంటాయి. నశించిన కణాల నుంచి పసుపు పచ్చని బిలిరుబిన్ పుడుతుంది కాబట్టి కళ్లు పచ్చబడతాయి. దాన్ని పచ్చకామెర్లని పసరు మందు కోసం తిప్పుతారు. అది కాలేయం జబ్బు కాదు, పసరుతో పోదు. లోటు పూడ్చడానికి మూలుగ మామూలు కంటే ఎన్నో రెట్లు పనిచేస్తుంది, దానికి ఫోలిక్ యాసిడ్ ఎక్కువ కావాలి. రోగులకు రోజూ ఆ మాత్ర రాసేది అందుకే. 1940ల్లో ఆ విటమిన్‌ను కృత్రిమంగా తయారు చేసిన లెడర్లీ ప్రయోగశాల బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

పుట్టిన బిడ్డలో మొదటి నెలల్లో ఏ లక్షణమూ ఉండదు. గర్భంలో పనిచేసే హీమోగ్లోబిన్ వేరు, అందులో బీటా గొలుసు బదులు గామా గొలుసు ఉంటుంది. ఆరో నెల దగ్గరికి వచ్చేసరికి గామా తగ్గి బీటా పెరుగుతుంది, అప్పుడు తప్పు బయటపడుతుంది. తరచూ మొదటి గుర్తు పసివాడి చేతివేళ్లు, పాదాలు ఉబ్బి, ముట్టుకుంటే ఏడవడం. దెబ్బ తగిలిందేమోనని, ఎవరైనా సరిగా ఎత్తుకోలేదేమోనని ఇంట్లో అనుకుంటారు. నిజానికి వేళ్ల ఎముకల్లోని మూలుగకు రక్తం అందక వచ్చిన వాపు అది.

ప్లీహం రక్తంలోని సూక్ష్మక్రిములను పట్టే జల్లెడ. దాని దారులు ఎంత ఇరుకంటే కొడవలి కణాలు అక్కడే చిక్కుకుంటాయి. చిన్నపిల్లల్లో ఒక్కోసారి గంటల్లోనే రక్తం ప్లీహంలో నిలిచిపోయి, కడుపు ఎడమవైపు ఉబ్బి, బిడ్డ పాలిపోతుంది. ఇది ప్రాణాంతకం. పొట్ట తడిమి ప్లీహం పరిమాణం చూడటం తల్లికి నేర్పడం చాలా దేశాల్లో చికిత్సలో భాగం. ఖర్చులేని ఈ పాఠం మన ఆసుపత్రుల్లోనూ ప్రతి తల్లికీ అందాలి. దెబ్బతిన్న ప్లీహం క్రిములను ఆపలేదు కనుక ఐదేళ్ల వరకు పెన్సిలిన్, న్యుమోకాకల్ టీకా అవసరమవుతాయి.

ఎక్కువ మంది పట్టించుకోని అవయవం మూత్రపిండం. దాని లోపలి పొర, శరీరంలో ఆక్సిజన్ అతి తక్కువగా, ఉప్పు అతి ఎక్కువగా ఉండే చోట్లలో ఒకటి. అక్కడికి వచ్చిన ఎర్రకణం నీటిని కోల్పోతుంది, పైగా ఆమ్లత్వం కూడా ఎక్కువ. కణం కొడవలిగా మారడానికి కావలసినవన్నీ ఒకే చోట ఉన్నాయన్నమాట. చిన్నతనంలోనే ఆ సన్నని నాళాలు పాడై, మూత్రాన్ని చిక్కబరిచే శక్తి పోతుంది. అందుకే ఈ పిల్లలకు మూత్రం పల్చగా, ఎక్కువగా వస్తుంది. పదేళ్లు దాటినా కొందరు పక్క తడుపుతారు. సిగ్గుపరిచి, రాత్రిపూట నీళ్లు తగ్గిస్తే జరిగేది మేలు కాదు. ఒంట్లో నీరు తగ్గుతుంది, కణంలో సాంద్రత పెరుగుతుంది, కొత్త నొప్పి మొదలవుతుంది. బళ్లో ఈ పిల్లల దగ్గర నీళ్ల సీసా ఉండనివ్వడం, అడిగిన ప్రతిసారీ బయటికి పంపడం వైద్యమే.

ఊపిరితిత్తుల్లో కొడవలి కణాలు అడ్డుపడితే ఛాతీనొప్పి, జ్వరం, ఆయాసం కలిసి వస్తాయి. న్యుమోనియాలా కనిపించే ఈ స్థితికి ఆలస్యం పనికిరాదు. మెదడు నాళాలు మూసుకుంటే పిల్లలకు కూడా పక్షవాతం వస్తుంది. రక్తం అందక తుంటి ఎముక నశించడం, కంటి రెటీనా దెబ్బతినడం, కాళ్ల మీద మానని పుళ్లు వయసు పెరిగేకొద్దీ వస్తాయి.

అందరిలో తీవ్రత ఒకేలా ఉండదు. పశ్చిమ ఒడిశాలోని బుర్లా వైద్యుడు బి.సి. కర్, జమైకాలో పనిచేసిన గ్రాహం సెర్జెంట్ తదితరులు 1986లో ‘ద లాన్సెట్’లో రాసిన దాని ప్రకారం, ఒడిశా రోగుల్లో గర్భస్థ హీమోగ్లోబిన్ ఆఫ్రికా మూలం వారి కంటే ఎక్కువగా మిగిలి ఉంటుంది. అది పోగుల అల్లికకు అడ్డుపడుతుంది. అందువల్ల భారతీయ రకాన్ని తేలికైనదని చెప్పేస్తుంటారు. ఇది సగటు మాట. మధ్య భారతంలో చిన్న వయసులోనే తీవ్ర సంక్షోభాలు ఎదుర్కొంటున్న పిల్లలు తక్కువేం కాదు.

పిల్లలకు ఎలా వస్తుంది

ప్రతి మనిషికీ బీటా గొలుసు జన్యువు రెండు ప్రతులు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ మంచివైతే ఇబ్బంది లేదు. ఒకటి మాత్రమే మారి ఉంటే ఆ మనిషి వాహకుడు. ఎర్రకణంలో సుమారు 40 శాతం మేర మారిన హీమోగ్లోబిన్ ఉన్నా, మిగిలింది మంచిదే కాబట్టి సాధారణంగా పోగులు అల్లుకోవు. వాహకత్వం జబ్బు కాదు. ఉద్యోగానికి, పెళ్లికి, ఆటలకు అడ్డు కానేకాదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. దాదాపు 48 వేల మంది నల్లజాతి అమెరికన్ సైనికుల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో వాహకుల మరణాలు ఎక్కువగా లేవు, కానీ తీవ్ర శ్రమలో కండరాలు దెబ్బతినే ప్రమాదం మిగతావారి కంటే 54 శాతం అధికంగా కనిపించింది. మండుటెండలో పట్టాల మీద పనిచేసే మనిషి వాహకుడైతే నీళ్లు, నీడ, విరామం ఇంకాస్త తప్పనిసరి.

భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, వాహకుడయ్యే అవకాశం 50 శాతం, ఏదీ లేకపోవడం 25 శాతం. ప్రతి కాన్పులోనూ అన్న మాటే ఇక్కడ కీలకం. ముగ్గురు పిల్లలు ఆరోగ్యంగా పుట్టారంటే నాలుగోవాడికి వస్తుందనీ కాదు, రాదనీ కాదు. ఇద్దరు వాహకులకు వరసగా ముగ్గురు పిల్లలు వ్యాధి లేకుండా పుట్టే సంభావ్యతే 42 శాతం. అందుకే చాలా ఇళ్లలో వాహకత్వం తరాల పాటు ఎవరికీ తెలియదు. ఇక బిడ్డకు వ్యాధి వస్తే కోడలి వంక వేలు చూపించే అలవాటు ఒకటుంది. చెరో ప్రతి లేనిదే వ్యాధి రాదు, తండ్రి వంతు సరిగ్గా సగం.

పైన చెప్పిన రాయ్‌పూర్ లెక్కను మళ్లీ చూస్తే ఆసక్తికరమైన సంగతి కనిపిస్తుంది. ఆ పిల్లలందరిలో మారిన ప్రతుల వాటా సుమారు 4.9 శాతం. గణితవేత్త హార్డీ, వైద్యుడు వైన్‌బెర్గ్ 1908లో వేర్వేరుగా చెప్పిన సూత్రం ప్రకారం, పెళ్లిళ్లు యాదృచ్ఛికంగా జరిగితే వ్యాధిగ్రస్తులు ఆ వాటా వర్గమంత ఉండాలి. అంటే దాదాపు 850 మంది. లెక్కకు దొరికింది 747 మంది. తక్కువైన వందమందిలో కొందరు మూడేళ్ల లోపే పోయి ఉంటారని ఊహించడం కష్టం కాదు.

పెళ్లిళ్లు యాదృచ్ఛికంగా జరగవు. ఛత్తీస్‌గఢ్‌లో ఈ జన్యువు కనిపించే గోండులు, సాహూలు, కుర్మీలు, సత్నామీలు ఎవరి తెగలో, కులంలో వారే చేసుకుంటారు. ఇది గిరిజనుల జబ్బు మాత్రమేనన్న అపోహకు ఈ జాబితాయే జవాబు. తెలుగువారి దగ్గర మేనరికం ఉంది. ఒకే పూర్వీకుడి ప్రతి రెండు దారుల్లో వచ్చి బిడ్డలో కలిసే అవకాశం మేనబావ మరదళ్ల సంతానంలో 16లో ఒక వంతు, మేనమామ మేనకోడళ్ల సంతానంలో 8లో ఒక వంతు. మారిన ప్రతులు 5 శాతం ఉన్న సమాజంలో, సంబంధం లేని దంపతుల బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 400లో ఒకటి అనుకుంటే, మేనబావను చేసుకుంటే అది రెట్టింపు దాటుతుంది, మేనమామను చేసుకుంటే మూడు రెట్లు మించుతుంది. మేనరికం తప్పని తీర్పు చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఇద్దరికీ పరీక్ష చేయించకుండా మేనరికం చేయడం మాత్రం తెలివైన పని కాదు.

ఇంత హాని చేసే జన్యువు తుడిచిపెట్టుకుపోకుండా ఎందుకు మిగిలింది? తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన ఆంథొనీ ఆలిసన్ 1954లో జవాబు ఇచ్చాడు. వాహకులైన పిల్లలకు మలేరియా నుంచి గట్టి రక్షణ ఉంది. ఫాల్సిపారం పరాన్నజీవి చొరబడిన ఎర్రకణం వాహకుల్లో సులువుగా కొడవలిగా మారి, ప్లీహానికి పట్టుబడిపోతుంది. తీవ్ర మలేరియా ముప్పు వారిలో సుమారు 90 శాతం తక్కువని తర్వాతి పరిశోధనలు చూపాయి. మలేరియా పీడించిన అడవుల్లో ఒక ప్రతి ప్రాణం కాపాడింది, రెండు ప్రతులు ప్రాణం తీశాయి. బస్తర్, పాడేరు, ఆదిలాబాద్ మన్యాల్లో ఈ జన్యువు ఉండటానికి మూలం అదే.

పరీక్ష, చికిత్స

మొదటి పరీక్ష చూడటానికి పదార్థ విజ్ఞాన ప్రయోగంలా ఉంటుంది. గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల ద్రావణం తీసుకుని, వేలికొన నుంచి తీసిన 20 మైక్రోలీటర్ల రక్తం కలుపుతారు. ద్రావణంలోని ఒక పదార్థం కణాలను పగలగొడుతుంది, మరొకటి ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఐదు నిమిషాలయ్యాక గొట్టం వెనక నల్లగీతల కాగితం పెట్టి చూస్తారు. గీతలు స్పష్టంగా కనబడితే మారిన హీమోగ్లోబిన్ లేనట్టు, ద్రావణం మసకబారి గీతలు మాయమైతే ఉన్నట్టు. ఇంతే. కానీ వాహకుడెవరో రోగి ఎవరో ఈ గొట్టం చెప్పలేదు. ఆరు నెలల లోపు పసిపిల్లల్లో తప్పు ఫలితం ఇస్తుంది. తలసీమియా వాహకులనూ పట్టదు. తల్లిదండ్రుల్లో ఒకరు సికిల్, మరొకరు బీటా తలసీమియా వాహకులైతే బిడ్డకు దాదాపు అంతే తీవ్రమైన వ్యాధి రావచ్చు. అందువల్ల హీమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో నిర్ధారించుకోవాల్సిందే.

జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్‌ను ప్రధాని 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభించారు. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే రైలు మార్గంలోనే ఉంది ఆ ఊరు. నలభై ఏళ్ల లోపు వారు 7 కోట్ల మందిని పరీక్షించడం, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించడం లక్ష్యాలు. జన్యువును నిర్మూలించడం ఎవరి తరమూ కాదు. ఇద్దరు వాహకులకు ఆ సంగతి ముందే తెలిసేలా చేయడం మాత్రం సాధ్యమే.

చికిత్సలో మేటి హైడ్రాక్సీయూరియా. మొదట క్యాన్సర్ మందు, సికిల్ సెల్‌కు అమెరికాలో 1998లో అనుమతి పొందింది. అది గర్భస్థ హీమోగ్లోబిన్‌ను పెంచుతుంది, నొప్పుల దాడులు తగ్గుతాయి. రక్తకణాల సంఖ్యను తరచూ చూసుకుంటూ వాడాలి, నొప్పి లేనప్పుడూ మానకూడదు. మూలుగ మార్పిడితో వ్యాధి నయమవుతుంది, కానీ సరిపోయే దాత కావాలి, సాధారణంగా తోబుట్టువు. 2023 డిసెంబరులో అమెరికా అనుమతించిన కాస్‌గెవీ చికిత్సలో రోగి మూలకణాలను బయటికి తీసి, క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో ఒక జన్యు స్విచ్‌ను కత్తిరించి, గర్భస్థ హీమోగ్లోబిన్ మళ్లీ తయారయ్యేలా చేస్తారు. ఒక్కరికి ధర 22 లక్షల డాలర్లు. సిర్గిట్టి కుటుంబానికి ఇప్పట్లో దాని వల్ల ఒరిగేది లేదు.

ఒరిగేవి వేరే ఉన్నాయి. వికలాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో సికిల్ సెల్ ఒకటి, కాబట్టి ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. రాయ్‌పూర్‌లో సికిల్ సెల్ ఇన్‌స్టిట్యూట్, బిలాస్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల సిమ్స్ ఉన్నాయి. ఇంట్లో పెళ్లి సంబంధం వచ్చినప్పుడు, జాతకాల కంటే ముందు, అబ్బాయికీ అమ్మాయికీ హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించండి. ఫలితం దాచకండి, తప్పకుండా ఇద్దరితోనూ పంచుకోండి.